ముప్పై రెండో ఫోటో

దేవరకొండ బజారులో దస్తగిరికి కెమెరా కవరు కుట్టమని ఇస్తే రెండు దొరుకుతాయని ఫోటోగ్రాఫర్లు చెప్పుకునేవాళ్ళు: ఒకటి పదేళ్ళయినా కుట్టు కదలని తోలు కవరు, రెండోది కడుపునిండా తిట్లు. కెమెరాను పట్టాతో సైకిలు హ్యాండిలుకు వేలాడదీసినందుకు తిట్టేవాడు. వానకు తడిసిన తోలును ఎండలో ఆరబెట్టినందుకు తిట్టేవాడు. తిట్లు పడి కూడా అచ్చంపేట నుంచి, మిర్యాలగూడ నుంచి అతని దగ్గరికే వచ్చేవాళ్ళు. పాత కెమెరాలకు కంపెనీ కవర్లు రావడం మానేసి ఏళ్ళయింది, ఉన్నవాటి దారాలు చివికిపోయాయి, ఇంకెక్కడికి పోతారు?

దస్తగిరి తాతలు గుర్రాలకు జీన్లు కుట్టినవాళ్ళు. గుర్రాలు పోయాయి, చేతిలో పని మిగిలింది. కెమెరాను కొలిచి, అదే కొలతకు కట్టె దిమ్మె చెక్కి, నానిన తోలును దాని మీద బిగించి మూడు రోజులు నీడన ఆరనిచ్చేవాడు. ఆ తర్వాత కెమెరాను అందులో కూర్చోబెడితే గాలి కూడా తనను అడిగే లోపలికి పోవాలని అతని గొప్ప.

గొప్ప ఉన్నవాడికి పట్టింపులూ ఉంటాయి. దస్తగిరికి ఉన్నది ఒక్కటే. కెమెరా లోపలుండగా కవరు మీద ఆరె పెట్టడు. తోలుకు బెజ్జం పొడిచే ఆ ఆరె ఒక్కసారి జారిందంటే అద్దం పోయినట్టే. అందుకని ఎవరు ఏ రిపేరుకు తెచ్చినా ముందు కెమెరాను బయటికి తీసి, తెచ్చినవాళ్ళ చేతిలో పెట్టి, అప్పుడు పనికి కూర్చునేవాడు. నలభై ఏళ్ళలో ఈ పద్ధతి ఒక్కనాడూ తప్పలేదు. తప్పి ఉంటే బాగుండేదని ఎనభై మూడులో, భాద్రపద మాసంలో ఒక గురువారం నాడు తెలిసింది.

ఆ రోజు మధ్యాహ్నం ఫోటోగ్రాఫర్ రఘుపతి భార్య నిర్మలమ్మ కెమెరా తీసుకుని వచ్చింది. కవరు దస్తగిరి కుట్టిందే. భుజానికి వేసుకునే పట్టా ఒక పక్క ఊడింది.

"చిచ్చా, రేపు పొద్దుగాల మీవోళ్ళ నిఖా ఉన్నది కదా, దానికి పోవాలె. మా ఆయన లోపట ఫోటోలు కడుగుతున్నడు. కెమెరా తియ్యకుంట గట్లనే కుట్టియ్యమన్నడు," అంది.

"గట్లనే కుట్టుడేంది బిడ్డా? ఆరె జారితే అద్దం వాడు తెస్తడా? ఫోటోలు తీసుడు వాని పని. తోలు పని నాకు చెప్పొద్దను."

అంటూనే బటన్లు రెండూ విప్పాడు. కెమెరా అడుగుభాగం కవరులో బాగా బిగుసుకుని ఉంది. దానికి మనసులోనే మురిసిపోయాడు కూడా. రెండు బొటనవేళ్ళతో నొక్కి పైకి లాగాడు.

కెమెరా బయటికి వచ్చీ రాగానే వెనక తలుపు దానంతట అదే తెరుచుకుంది. లోపల రీలు తళతళా మెరిసింది. దుకాణం ముందు మిట్టమధ్యాహ్నపు ఎండ.

కెమెరాల వాళ్ళ మధ్యే తల నెరిసినవాడు, రీలుకు ఎండ తగిలితే ఏమవుతుందో అతనికి ఒకరు చెప్పాలా? చటుక్కున తలుపు మూసి అరచేత్తో అదిమిపట్టాడు. మహా అయితే రెండు ఊపిర్ల సేపు తెరిచి ఉంటుంది. అయినా తలుపు మీది చెయ్యి తియ్యలేదు.

"ఏమైంది చిచ్చా?"

"నువ్వు నడువు బిడ్డా. కుట్టి నేనే తెస్త," అన్నాడు దస్తగిరి. ఆమె మొహం వైపు చూడలేకపోయాడు.

తలుపు తెరుచుకోకుండా కెమెరాకు గుడ్డ చుట్టి కట్టాడు. పట్టా కుట్టాడు. ఎప్పుడూ వంకరపోని కుట్టు ఆ రోజు రెండు చోట్ల వంకర పోయింది. సాయంత్రం లోపలే స్టూడియోకు పోయి రఘుపతికి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. రఘుపతి బల్ల మీద కూలబడ్డాడు.

"నెల కింద మోత్కూరుల బస్సు దిగుతుంటే కింద పడ్డది చిచ్చా. ఎనుక తలుపు కొండి ఇరిగింది. పట్నం పంపితే ఎన్నడొస్తదో తెల్వది. నీ కవరు ఎట్లాగూ గట్టిగ పట్టుకుంటది కదా అని రీలు చీకట్ల ఎక్కిచ్చి, కవరుల పెట్టి, ముంగటి మూతొక్కటే ఇప్పి నడిపిస్తున్న."

"నాకొక్క మాట చెప్తే ఏంరా?"

"కెమెరా కింద పడేసిన్నంటే తిడతవని చెప్పలే."

 ఇన్నేళ్ళుగా దస్తగిరి పంచిపెట్టిన తిట్లన్నీ తిరిగి తన నెత్తిమీదే పడ్డట్టయింది.

రఘుపతి చీకటిగదిలోకి పోయి రీలు కడిగాడు. అరగంట తర్వాత తడి రీలును క్లిప్పుకు తగిలించి వెలుతురుకు ఎత్తి చూపించాడు. మొదటి ఇరవై నాలుగు ఫోటోలు నిలిచాయి. లోపలి చుట్లలో ఉన్నాయి కాబట్టి వాటికి ఎండ అంటలేదు. పై చుట్లలో ఉన్నవి, అంటే చివర తీసినవన్నీ తారు పూసినట్టు నల్లగా ఉన్నాయి.

"ఎవలెవలియి పోయినయి?" అడిగాడు దస్తగిరి. "మళ్ళ పిలిచి కూసోబెట్టి తియ్యరాదూ?"

"బడి పిలగాండ్లయి ఉన్నయి, మళ్ళ తీస్త. దరఖాస్తుకు దిగినోళ్ళున్నరు, వాళ్ళనూ పిలుస్త. ముప్పై రెండోది ఒక్కటే మళ్ళ తియ్యరాదు."

ఈదమ్మ సంగతి అప్పుడు చెప్పాడు రఘుపతి. గుట్టకింది పల్లెనుంచి సీతాఫలాల గంప ఎత్తుకుని అంగడి రోజు వచ్చే మనిషి. మొగుడు లేడు. ఏడేళ్ళ బిడ్డ అండాలుకు జ్వరం తలకెక్కితే దవాఖానకు తెచ్చింది. మూడో రోజు పిల్ల చనిపోయింది. శవాన్ని భుజాన వేసుకుని ఊరికి నడిచిపోతూ ఈదమ్మ స్టూడియో ముందు ఆగింది. బతికుండగా బిడ్డకు ఒక్క ఫోటో కూడా తీయించలేదట. ఒక్కటి తియ్యమని అడిగింది. రఘుపతి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, బిడ్డను ఒళ్ళో పెట్టించి తీశాడు. అది ముప్పై రెండో ఫోటో.

"గా దినమే కడగాల్సింది చిచ్చా. రీలుల ఇంక నాలుగు మిగిలినయి. శూన్యమాసం, పెండ్లిండ్లు లేవు, గిరాకి లేదు. నాలుగు ఫోటోలకు కక్కుర్తిపడి అట్లనే ఉంచిన. ఆమె రెండు అంగళ్ళకు వచ్చి అడిగింది. రీలు అయిపోలేదమ్మా అని చెప్పి పంపిన. రేపటి నిఖాతోని అయిపోతుండె. ఎల్లుండి అంగడికి ఇస్తనని మాటిచ్చిన."

దస్తగిరికి ఆ మనిషి ఎవరో తెలిసింది. అతని దుకాణం ఎదురుగానే గంప పెట్టుకుని కూర్చునేది. ఈమధ్య బేరానికి అరవడం మానేసింది. ఎందుకో అని కూడా అతను అనుకోలేదు.

తిలాపాపం తలా పిడికెడు అని లోకం తేలిగ్గా అంటుంది. పంచుకున్నంత మాత్రాన పిడికెడు పాపం తేలికవుతుందా? ఒకడి కక్కుర్తి, ఒకడి గర్వం కలిసి ఒక తల్లికి మిగిలిన ఒక్క ఆనవాలును తుడిచేశాయి. ఈ ముక్క ఇద్దరికీ తెలుసు. 

చివరికి రఘుపతి గొంతు తగ్గించాడు.

"ఒకటి చెయ్యొచ్చు. మూడేండ్ల కింద సచ్చిపోయిన ఇంకో పిల్లను తీసిన రీలు నా తాన ఉన్నది. గిదే తీరుగ, తల్లి ఒళ్ళె. గంతే ఈడు. తల్లి మొఖం రాకుంట పిల్లవరకే కడుగుత. జర మసకగ కడిగితే తెల్వది. కండ్లు మూసుకున్న పిల్లలు అందరు ఒక్కతీరుగనే ఉంటరు చిచ్చా. ఆమెకూ మనసు నిమ్మళమైతది."

దస్తగిరి నల్లబడ్డ రీలు వైపు ఒకసారి చూశాడు. తర్వాత, "కానియ్," అన్నాడు. ఆ మాట అన్నాక గుండెల మీంచి రాయి దింపినట్టనిపించింది. అట్లా అనిపించినందుకు సిగ్గుపడుతూ ఇంటికి నడిచాడు.

ఇంట్లో లాల్ బీ అన్నం పెట్టి, మొగుడు మెతుకు ముట్టకపోవడం చూసి అడిగింది. చెప్పాడు. ఆమె అంతా విని, "వేరే పిల్ల ఫోటోకు దండేసి మొక్కుతదా ఆమె, రోజూ?" అని మాత్రం అంది.

దస్తగిరి కంచం పక్కకు జరిపాడు. తన పనిలో అతనికి తెలిసిన సంగతి ఒకటుంది. ఒకే కంపెనీ కెమెరాలు రెండు పక్కపక్కన పెడితే లోకానికి ఒక్కటిగానే కనబడతాయి. కానీ ఒకదాని మీద ఆరిన తోలు రెండోదాని మీద సరిగ్గా కూర్చోదు, ఎక్కడో గింజంత తేడా తగులుతుంది. వస్తువుల సంగతే అట్లా ఉంటే, ఏడేళ్ళు ఎత్తుకుని తిరిగిన తల్లి చేతికి తెలియదా? తెలియకపోతే ఇంకా ఘోరం.

తెల్లవారి నిఖాకు పోలేదు. స్టూడియోకు పోయి, "ఆ ఫోటో కడగకు. నేను పోయి చెప్పొస్త," అని, రఘుపతి ఏదో అనబోతుంటే వినకుండా సైకిలెక్కాడు.

గుట్టకింది పల్లె ఆరు కిలోమీటర్లు. సగం దారి రాళ్ళే, సైకిలు దిగి నడిపించుకుంటూ పోయాడు. ఈ దారి ఇంకో ఆరు కిలోమీటర్లు ఉన్నా బాగుండునని అతనికి దారిపొడుగునా అనిపించింది.

ఈదమ్మ గుడిసె ముందు కూర్చుని సీతాఫలాలను గడ్డిలో మాగేస్తోంది. ఎదురు దుకాణం సాయిబును గుర్తుపట్టి లేచింది. మంచం వాల్చింది. దస్తగిరి కూర్చోలేదు.

"బిడ్డా, నీ ఫోటో చెడగొట్టింది నేను," అన్నాడు.

నిలబడే అంతా చెప్పాడు. తియ్యకుండా కుట్టమని చెప్పినా వినలేదనీ, తనకే తెలుసునని తెరిచాననీ, ఎండ తగిలిందనీ చెప్పాడు. రఘుపతి పేరు మీద ఒక్క మాట కూడా తోయలేదు. ఈదమ్మ చేతిలో ఉన్న కాయను అట్లాగే పట్టుకుని విన్నది.

"మొత్తం పోయిందా?"

"మొత్తం పోయింది బిడ్డా."

ఆమె కాయను మెల్లగా గడ్డిలో పెట్టింది. తిడుతుందని అతను కాచుకున్నాడు. తిడితే బాగుండేది, తిట్ల సంగతి అతనికి తెలుసు. ఆమె మాత్రం దగ్గరికి వచ్చి అతని మొహంలోకి చూసింది.

"నువ్వు తెరిచినవు కదా సాబు. తెరిచినప్పుడు నా బిడ్డ కనబడ్డదా?"

ఆమె లెక్కలో కెమెరా అంటే పెట్టె. ఫోటో దిగినాక బిడ్డ ఆ పెట్టెలోనే ఉంది. మూత తీసినవాడికి కనబడి ఉండాలి. ఇన్ని రోజులుగా ఆమె అడుగుతున్నది అదే, ఆ పెట్టెలోంచి బిడ్డను ఎప్పుడు తీసిస్తారని. కడగని రీలులో ఏమీ కనబడదని ఆమెకు ఎవరు చెప్పారు?

అబద్ధం ఆడొద్దనే ఆరు కిలోమీటర్లు వచ్చినవాడు, ఆ కళ్ళను చూసి, "కనబడ్డది బిడ్డా," అన్నాడు.

"మంచిగుండెనా?"

"మంచిగుండె. పండుకున్నట్టే ఉండె."

"తలల పూలు కనబడ్డయా?"

"కనబడ్డయి."

"ఏం పూలో తెలుస్తుండెనా, అంత మంచిగ వచ్చినయా?"

ఆమె అతన్ని పరీక్షించడం లేదు. దాహంతో ఉన్న మనిషి ఇంకో గుక్క అడిగినట్టు అడుగుతోంది. ఏదో ఒక పువ్వు పేరు చెబితే సరిపోయేది, తప్పు చెప్పినా ఆమె నమ్మేదేమో.  కానీ దస్తగిరి ఉన్నపళంగా మంచం మీద కూర్చుని రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"లేదు బిడ్డా. అబద్ధమాడిన. నాకేం కనబడలే. గదెప్పుడూ కనబడదు, కడిగితేనే కనబడతది. నల్లగ మెరిసింది, గంతే. నీ బిడ్డ ఎట్లుంటదో సుత నాకు తెల్వది."

మొదటి నిజం కన్నా ఈ రెండోది చెప్పడం కష్టమైంది. అప్పుడు ఏడ్చింది ఈదమ్మ. మాగే కాయల పక్కన కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, చాలాసేపు ఏడ్చింది. పక్క గుడిసెలోంచి ఎవరో తొంగి చూసి వెనక్కి పోయారు. ఊరుకొమ్మని దస్తగిరి అనలేదు. తనకు అనే హక్కు లేదనుకున్నాడు. లేచి పోవడానికీ మనసొప్పలేదు.

ఏడుపు తగ్గాక ఆమె మొహం తుడుచుకుంది.

"కనకాంబరాలు," అంది. "ఫోటో తీసేటాయన పెండ్లాం తన తలల ఉన్నయి తీసి నా బిడ్డ తలల పెట్టింది. వద్దమ్మా, ముత్తైదువవు, నీ తలల పూలు ఎట్ల పెడతవంటే వినలే."

నిన్న కెమెరా తెచ్చిన నిర్మలమ్మ దస్తగిరి కళ్ళ ముందుకు వచ్చింది. ఆమె ఈ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు.

ఈదమ్మ గోడకు ఆనుకుని, సర్దుకుని కూర్చుంది. ఖాళీ ఒడిని రెండు చేతులతో ఎత్తిపట్టింది.

"గిట్ల కూసున్న. తల గీ పక్క. మెడ నిలుస్తలేదు, గందుకే గదువ కింద చెయ్యి పెట్టిన. ఎడమ కాలికి పట్టీ ఉండె, కుడి కాలిది దవాఖానల జారిపడ్డది. ఎనుక పరదా మీద మేడ, మెట్లు. నా బిడ్డ గసుంటి మేడ ఎన్నడు చూడలే. నుదుటి మీద ఎంటికలు పడుతుంటే నేనే పక్కకు తీసిన. ఆయన గిటు చూడమ్మా, గిటు చూడమ్మా అన్నడు. నేను చూడలే. నా బిడ్డనే చూసుకుంట కూసున్న."

చెబుతూ చెబుతూ ఆగింది. ఒడి మాత్రం అట్లాగే ఎత్తిపట్టుకుని ఉంది.

"గిప్పుడు కనబడ్డదా సాబు?"

"కనబడ్డది బిడ్డా," అన్నాడు దస్తగిరి.