దొరకలేదని రాసివ్వండి

ట్రాఫిక్ కాలనీలో సోదా అంటే ఆడవాళ్ళు మొట్టమొదట చేసే పని స్టవ్వు వెలిగించి టీ పెట్టడం.

కాపలా దళం వాళ్ళు నెలకో రెండు నెలలకో ఏదో ఒక క్వార్టర్ల వరస పట్టుకుని వస్తారు. రైల్వే వర్క్‌షాపులో ఇత్తడి ముక్కలు తగ్గాయట, కనుక ఖలాసీల ఇళ్ళలో బియ్యం డబ్బాలు వెతకాలట. ఆఫీసర్ల బంగళాల్లో బియ్యం డబ్బాలు ఉండవు కాబోలు, అటు ఎవరూ వెళ్ళరు. వచ్చినవాళ్ళ చేతికి పెట్టె తాళాలిచ్చి, మంచం కింది సామాను తామే బయటికి లాగిపెట్టి, పైగా టీలో పంచదార చాలిందా అని అడిగే ఇల్లాళ్ళు మనవాళ్ళు. “మన దగ్గర దాచడానికేముంది, చూసుకోనీ” అన్నది వాళ్ళ ధీమా. ఆ ధీమా ఎంత ప్రమాదమో 1987 వేసవిలో తెలిసింది.

ఆ వేసవిలో తవిటయ్య ఇంట బియ్యం డబ్బాలో అరచేతంత ఇత్తడి ముక్క దొరికింది. ఆ పొద్దున్నే డబ్బా అడుగు గీకి ఎసట్లో పోసిన అతని భార్య చిలకమ్మ, “కాలీ డబ్బాలోకి ముక్కెలాగొచ్చింది బాబూ?” అని ఇప్పటికీ అడుగుతూనే ఉంది. ఇరవై రెండేళ్ళ సర్వీసు తవిటయ్యకు సస్పెన్షను కాగితం వచ్చింది. దొరికిందని సాక్షి సంతకం చేసిన మనిషిని ఆమె ఎన్నడూ చూడలేదు.

పదిహేను రోజులకు ఖలాసీ ఎర్రయ్య ఉండే వరస వంతు వచ్చింది. ఎర్రయ్య డ్యూటీలో ఉన్నాడు. అతని భార్య చిట్టెమ్మ వెనక సందులోని సూసన్న ఇంటికి పరుగెత్తింది. సూసన్న బి.ఏ. చదివి, ఆ చదువును పదేళ్ళుగా దోసెల పెనం మీద ఖర్చు పెడుతున్న ఇల్లాలు.

“సూసన్నమ్మా, సోదావోళ్ళు సందు మొదట్లోకొచ్చీసినారు! మావోడి ఉజ్జోగం కూడా ఎలిపోద్దేటి?”

“టీ పెట్టావా?”

“పెట్టీసినాను.”

“స్టవ్వు ఆర్పేసి గుమ్మంలో నిలబడు. నేను ఎస్తేరమ్మత్తని తీసుకొస్తా.”

ఎస్తేరమ్మ ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు ఆయాగా పనిచేసి రిటైరైన మనిషి. ఆ పేటలో సగం మందికి మొదటి స్నానం ఆమె చేయించిందే. దారిలో సూసన్న చిలకమ్మను కూడా రెక్క పట్టుకుని తెచ్చింది.

హవల్దారు ఇద్దరు జవాన్లతో వచ్చాడు. హిందీ మనిషే అయినా ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉండడంతో తెలుగు పట్టుబడింది. “హటో దీదీ. తాళాలు తేవాలె. టీ ఏది?”

“టీ నేదు బాబూ. ముందు మీ జేబులు సూపించండి” అంది చిట్టెమ్మ, అప్పుడే వచ్చిన సూసన్న చెవిలో చెప్పిన ప్రకారం.

హవల్దారు సరిగ్గా వినలేదేమోనని సూసన్న వివరంగా చెప్పింది. సోదాకొచ్చినవాళ్ళు గడప దాటేముందు తమ దగ్గర ఏమీ లేదని చూపించాలి. ఇరుగుపొరుగు ఇద్దరు సాక్షులుగా నిలబడి చూడాలి. ఏం దొరికిందో రాసి నకలివ్వాలి. “ఇవన్నీ మీకు తెలిసినవే దాదా. మాకు ఆలస్యంగా తెలిశాయి, అంతే తేడా.”

“క్యా? మేం చోరులమా?” హవల్దారు ముఖం కందిపోయింది.

చిట్టెమ్మ వేళ్ళు కొంగును మెలిపెడుతూనే ఉన్నాయి. గొంతు మాత్రం ఆగలేదు. “ఒక్కపాలి అడిగితేనే అంత రోసమొచ్చిందేటి బాబూ? గేటుకాడ మావోడి కేరియరు పందొమ్మిదేళ్ళుగా రోజూ ఇప్పుతున్నారు. తినీసిన గిన్నిలో ఏటుంటాది, ఆడి ఎంగిలి తప్ప? ఆడికీ రోసమొస్తాది. ఇంటికొచ్చి మింగుతాడు.”

వరసలో ఒక్కొక్క తలుపే తెరుచుకుంది. ఎవరో కిసుక్కుమన్నారు.

“అడ్డుకున్నారని రిపోర్టు రాస్తాను!”

“రాయండి” అంది సూసన్న. “తలుపు తెరిచే ఉందని కూడా రాయండి. జేబులు చూపించి లోపలికి రమ్మన్నారని కూడా.”

ఇరవై మంది ఆడవాళ్ళ ముందు హవల్దారు జేబులు తిరగేశాడు. ఖైనీ డబ్బా, దువ్వెన, లాటరీ టిక్కెట్టు బయటపడ్డాయి. మొదటి జవానూ చూపించాడు. భుజానికి గోనెసంచి ఉన్న రెండోవాడు మాత్రం, “నేను బయటే ఉంటాను సాబ్” అని వెనక్కి జరిగాడు. ఆ సంచిలో ఏముందో ఎవరికీ తెలియదు. అది ఇంట్లోకి వెళ్ళలేదన్నది మాత్రం అందరికీ తెలుసు.

ఎస్తేరమ్మ, చిలకమ్మ పక్కన నిలబడి ప్రతి డబ్బా మూతా చూశారు. ఏమీ దొరకలేదు.

“దొరకనేదని రాసివ్వండి” అంది చిట్టెమ్మ.

“దొరికితేనే రాస్తాం. కుఛ్ నహీ మిలా, ఏం రాయాలి?”

“అదే రాయండి.”

గోడకు కాగితం ఆనించి రాశాడు. ఎస్తేరమ్మ సంతకం చేసింది. వేలిముద్ర వేసి చిలకమ్మ భోరుమంది. “మా ఇంటికాడ నానేల అడగనేదే అప్పా?”

“రేపు అడుగుదాం” అంది సూసన్న. “నీ ఇంట్లో సాక్షి ఎవరు, వాళ్ళ జేబులు ఎవరు చూశారు అని అర్జీ నేను రాస్తా. వరసంతా వెళ్దాం.” వరసంతా తలూపింది.

హవల్దారు సైకిలెక్కబోతూ ఆగాడు. “చోరీ చేయనివాళ్ళకి ఇంత గొడవ ఎందుకమ్మా?”

ఎస్తేరమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడే బదులిచ్చింది. “చోరీ సేసినోడు గోడ దూకి పోతాడు బాబూ, ఆడికి తలుపుతో పనేటి? ఏ తప్పూ సెయ్యనోళ్ళకే తలుపుండాల. దాని ముందర నిలబడి అడిగే నోరూ ఉండాల.”