సబ్బు పూసిన కమాను

మా ఆయన కట్టుడు పళ్ళు చేస్తారు. మైనంలో ఒక్కో పన్నూ గుచ్చి, అరగదీసి, ఎవరి నోటికి తగ్గట్టు వాళ్ళకి అమర్చి ఇవ్వాలి. చెయ్యి వణికితే చేయలేని పని అది. అలాంటి చెయ్యి, పక్కన నలుగురు వాయిద్యగాళ్ళు కూర్చుంటే చాలు, వయొలిన్ కమాను పట్టుకుని గజగజలాడిపోతుంది. ఇంట్లో ఒక్కరే వాయించుకుంటుంటే మాత్రం, పొయ్యి మీద పాలు పొంగుతున్నా కదలకుండా వింటాను. ఇది పొగడ్త కాదు. ఆయన్ని పొగిడే అలవాటు నాకు లేదు.

ఈ గొడవంతా వయొలిన్లు బాగుచేసే షాపతను తెచ్చిపెట్టాడు. ఊళ్ళో జీతాలకు వాయించే బృందం ఒకటుంది. అందులో రెండో వరస వయొలిన్లు ఇద్దరే. వాళ్ళలో ఒకావిడ మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంటే, షాపతను మా ఆయన పేరు చెప్పాడు. బృందాన్ని నడిపే మేడమ్ ఫోన్ చేసి, "ఆదివారం మధ్యాహ్నం కచేరీకి కూర్చోండి. బాగా కుదిరితే ఆ కుర్చీ మీకే. ఆవిడ ఎలాగూ మానేస్తానంటోంది" అంది. ఫోన్ పెట్టేసి ఆయన వంటగదిలోకి వచ్చి, గోడకి ఆనుకుని నిలబడిపోయారు. మంచి వాయిద్యగాళ్ళ మధ్య ఒక్క కుర్చీ. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన కోరుకోగా నేను విన్నది అదొక్కటే.

రిహార్సల్స్ మొదలయ్యాక మా ఇంట్లో మనశ్శాంతి పోయింది. వెళ్ళిన ప్రతిసారీ మొహం వేలాడేసుకుని వచ్చేవారు.

"వాళ్ళు నన్ను ఒక్క మాటా అనరే. నా పక్కన కూర్చునే మీసాలాయనైతే మరీను, నేను తప్పు వాయిస్తే తనే ఏదో చేసినట్టు దగ్గుతాడు. నాకు తల కొట్టేసినట్టు ఉంటుంది."

"పోనీ, గట్టిగా తిట్టమని చెప్పనా?" అన్నాను. ఆ పూట ఆయన అన్నం తినలేదు.

ఆదివారం పొద్దున్న ఆయన కమాను పట్టుకుని బాత్రూంలో దూరారు. స్నానానికి కమానెందుకని తలుపు తోశాను. కొత్త సబ్బు బిళ్ళని కమాను వెంట్రుకల మీద ఈ చివర్నుంచి ఆ చివరికి రుద్దుతున్నారు. మరకలు తీస్తున్నారేమో అనుకున్నాను.

"సబ్బు రాస్తే కమాను తీగని పట్టదు, జారిపోతుంది. చప్పుడే రాదు" అన్నారు నా వైపు చూడకుండా. "కొన్ని బ్యాండుల్లో కుర్చీలు నింపడానికి కూర్చోబెట్టే వాళ్ళకి ఇలాంటివే ఇస్తారట, షాపతను చెప్పాడు. చూసేవాళ్ళకి వాయిస్తున్నట్టే ఉంటుంది."

"మీకేమైనా మతి పోయిందా? కుర్చీ కావాలని ఏడ్చింది మూగగా కూర్చోవడానికా?"

"ఇవాళ ఒక్కరోజే. ఆ వరసకి మీసాలాయన ఒక్కడు చాలు. నా అపస్వరాలు వినపడకపోతే బాగానే వాయించాననుకుంటారు. కుర్చీ దక్కితే భయం అదే తగ్గుతుంది." సబ్బు బిళ్ళని గూట్లో పెట్టి నా వైపు తిరిగారు. "నీ కాళ్ళు పట్టుకుంటాను, ఎవరికీ చెప్పకు."

కట్టుకున్నవాడు సబ్బు చేతులతో నిలబడి కాళ్ళు పట్టుకుంటానంటే ఏమనను? సరేనన్నాను.

హాలు బయట వరండాలో మీసాలాయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. మంచి మనిషి, మొహం చూస్తేనే తెలుస్తుంది.

"అమ్మా, మీకో రహస్యం చెప్పాలి. మధ్యలో అందరూ ఆగిపోయి మా ఇద్దరికే ఓ చిన్న ముక్క వస్తుంది. మొన్న టీ టైంలో మీ ఆయన మెట్ల కింద ఒక్కడే నిలబడి దాన్ని వాయించుకుంటున్నాడు. మేడమ్‌ని పిలుచుకొచ్చి మరీ వినిపించాను. ఇద్దరం నోళ్ళు తెరుచుకుని నిలబడ్డాం. ఇవాళ అక్కడ నేను కమాను దించేస్తాను. ఆ ముక్క ఆయనొక్కడిదే. ముందే చెబితే బిగుసుకుపోతాడు, చెప్పకండి."

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"వద్దండీ. మీకు పుణ్యముంటుంది, వద్దు."

"మా ఆవిడా ఇంతే" అని నవ్వాడు. "నన్నెవరైనా మెచ్చుకుంటే తనకి సిగ్గు."

"సిగ్గు కాదండీ. ఇవాళ ఆయన వల్ల కాదు."

"మీరు చూస్తూ ఉండండి!"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఆయన పరువు పోతుంది. చెప్పకపోతే ఇంకా ఘోరంగా పోతుంది. నేను తేల్చుకునేలోపే బెల్లు మోగింది, మీసాలాయన జనంలో పడి వెళ్ళిపోయాడు. "సబ్బు! కమానుకి సబ్బు రాశారండీ!" అని వెనకనుంచి అరిచాను. ఆ గోలలో నా గొంతు నాకే వినపడలేదు. స్టేజీ వెనక తలుపు దగ్గరికి పరుగెత్తితే కాపలావాడు అడ్డం నిలబడ్డాడు.

"లోపలికి వాయించేవాళ్ళే వెళ్ళాలమ్మా."

"మా ఆయన లోపలున్నారు!"

"ఉంటారు. అయిపోయాక వస్తారు."

వెళ్ళి నా సీట్లో కూలబడ్డాను.

కచేరీ మొదలైంది. మా ఆయన వీపు నిటారుగా పెట్టి, మీసాలాయనతో పాటే కమాను లాగుతున్నారు. పదిమందిలో ఆయన్ని అంత నిబ్బరంగా నేనెన్నడూ చూడలేదు. ఒకచోట నవ్వారు కూడా. ఆ నవ్వు చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది. ఏ కరెంటో పోవాలని, ఎవరో ఒకరు కళ్ళు తిరిగి పడిపోవాలని, దేవుడికి ఎన్ని దండాలు పెట్టుకున్నానో.

అందరూ ఆగిపోయారు. మీసాలాయన కమానుని మోకాలి మీదికి దించి, కాస్త మా ఆయన వైపు తిరిగి కూర్చున్నాడు.

మా ఆయన కమాను కదిలింది. ఏమీ లేదు. గుడ్డతో బల్ల తుడిచినంత చప్పుడు కూడా లేదు. ఆయన పక్కకి చూసి, దించిన కమానుని చూసి, సంగతి గ్రహించారు. మొహంలో నెత్తురు చుక్క లేదు. కమానుని ఇంకా గట్టిగా అదిమారు. మీసాలాయన కంగారుగా తన కమాను ఎత్తాడుగానీ ఎక్కడ అందుకోవాలో తెలియలేదు. ముందు వరసలో ఎవరో గుసగుసలాడారు.

ఆయన ఆపలేదు. ఇంట్లో వినీ చూసీ ఆ ముక్క నాకు కంఠతా వచ్చు, ఏ వేలు ఎప్పుడు ఎక్కడికి జరగాలో కూడా తెలుసు. ప్రతి వేలూ సరిగ్గా అక్కడే పడింది. చెయ్యి వణకలేదు. చివర సాగదీసే స్వరాన్ని పూర్తిగా సాగదీసి మరీ ఆపారు. అప్పుడు మిగతావాళ్ళు అందుకున్నారు.

అయిపోయాక వరండాలో మేడమ్ ఆయన చేతిలోంచి కమాను తీసుకుంది. వెంట్రుకల మీద వేలు రాసి, వాసన చూసింది.

"మెట్ల కింద వాయించింది మీరే కదండీ?" అంది.

ఆయన తలూపారు.

"ఆ రోజే కుర్చీ మీకని అనుకున్నాం" అని, కమానుని జాగ్రత్తగా తిరిగి ఆయన చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. మీసాలాయన మా వైపు రాలేక, అక్కడే పెట్టె సర్దుకుంటూ ఉండిపోయాడు.

బస్టాపు దాకా ఇద్దరం నడిచాం. బస్సు దూరంగా కనపడ్డాక ఆయన పెట్టెని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నారు.

"ఒక్క తప్పు కూడా పడలేదు" అన్నారు. "చూశావా?"

"చూశాను" అన్నాను.