ఏడు లెక్కపెట్టేదాకా

ఫోను మోగేసరికి అతను ఒక పాత వ్యాను కింద వెల్లకిలా పడుకుని, తుప్పు పట్టి బిగుసుకుపోయిన బోల్టును సుత్తితో బాదుతున్నాడు. దెబ్బ దెబ్బకూ ఎర్రటి పొడి రాలి కళ్ళలో పడుతోంది. ఫోనులో భార్య ఫొటో కనబడగానే సుత్తి జారి ఛాతీ మీద పడింది. నొప్పి తెలియలేదు. మూడు వారాలుగా ఆ ఫోను మోగితే చాలు, చేతిలో పని వదిలేస్తున్నాడు.

"ఏవండీ, రిపోర్టు వచ్చింది. మంచి గడ్డేనట!"

"గడ్డల్లో మంచివి కూడా ఉంటాయిటే?"

"ఉంటాయట. డాక్టరమ్మ నవ్వుతూ చెప్పింది. శనగ్గింజంత దానికి మొగుడూ పెళ్ళాం ఇంతలా చిక్కిపోయారేమిటి అంది. కోయక్కర్లేదట, మందులు కూడా అక్కర్లేదట. వింటున్నారా?"

ముక్కుకు జానెడు ఎత్తులో నల్లటి ఇనుము. కళ్ళలో నీళ్ళు రెండు వైపులా చెవుల్లోకి కారిపోతున్నాయి. నవ్వు మాత్రం ఆగడం లేదు.

"ఏడుస్తున్నారా?"

"కంట్లో తుప్పు పడింది."

"అబద్ధాలకోరు. సరే, ఇంక జన్మలో హాస్పిటల్ మొహం చూడొద్దు. నా మీద ఒట్టేయండి."

"ఒట్టే."

"అయితే రేపు సెలవు పెట్టండి. పడవెక్కిస్తారా, లేదా?"

పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. బస్సు వంతెన దాటిన ప్రతిసారీ ఆమె అతని మీదుగా కిటికీలోకి వంగి, కింద నదిలో తిరిగే పడవలను చూస్తుంది. ఆమె జుట్టు అతని గడ్డానికి తగులుతుంది. 'ఎప్పుడో ఒకరోజు' అంటాడతను. వంతెన అయిపోతుంది.

"ఓనర్ని అడిగి చెబుతా" అన్నాడు.

షెడ్డులో అతన్ని అందరూ దారం అంటారు. కారుకు అటూ ఇటూ ఇనుప స్టాండ్లు నిలబెట్టి, వాటి మధ్య నైలాను దారం బిగించి, దారం నుంచి చక్రం అంచుకు ఎంత దూరమో స్కేలుతో కొలుస్తాడు. చక్రం వెంట్రుకవాసి పక్కకు తిరిగినా దారం పట్టేస్తుంది. రెండేళ్ళ కిందట ఓనరు ఇదే పనికి కంప్యూటరు మిషను కొని, దానికో ఏసీ గది కట్టించి, బావమరిదిని కూర్చోబెట్టాడు. దారం మాత్రం షెడ్డు వెనకున్న రేకుల కిందికి మారాడు.

అతనికి ఈ పని దెబ్బలతో వచ్చింది. చిన్నప్పుడు చేర్చుకున్న గురువు చేతిలో ఏ పనిముట్టు ఉంటే దాంతోనే కొట్టేవాడు. మోకాలి మీద స్పానరు, వీపు మీద ఫ్యాను బెల్టు. "బండి పక్కకి లాగితే ముందు బండిని తిట్టకురా, రోడ్డును చూడు" అని ఒకటి తగిలించేవాడు. వాన నీళ్ళు పోవడానికి రోడ్డు నడుమ ఎత్తుగా ఉంటుంది కనుక ఏ బండైనా కాస్త అంచుకే పోతుందట. "చదును నేల మీద స్టీరింగు వదిలి ఏడు లెక్కపెట్టు. అప్పటికీ తిన్నగా పోతే అది మంచి బండి" అని ఇంకొకటి తగిలించేవాడు. గురువు పోయి పదేళ్ళయింది. ఆ మోకాలు చలికి ఇప్పటికీ సలుపుతుంది. ఆ మాటలు మాత్రం ఇంతవరకూ తప్పలేదు.

నవ్వుకుంటూ వ్యాను కింద నుంచి బయటకు జారేసరికి గేటులో ఒక తెల్ల కారు కీచుమని ఆగింది. అందులోంచి ఒక కాంట్రాక్టరు దిగాడు. ఎడమకు లాగుతోందని ఈ నెలలో రెండుసార్లు తెచ్చిన కారే అది. రెండుసార్లూ మిషను మీద పెట్టి, తెర మీద పచ్చ గుర్తు చూపించి పంపేశారు. ఇప్పుడు ఎడమ లైటు పగిలి ఉంది. వెనక సీటు మీద రక్తం ఎండి నల్లబడింది.

"ఎవడ్రా దీన్ని బాగుచేసింది? బ్రేకు తొక్కగానే గోడకేసి లాక్కుపోయింది. మా అమ్మ పెదవికి ఆరు కుట్లు పడ్డాయి!"

ఓనరు బల్ల వెనక్కి నక్కాడు. బావమరిది ఏసీ గదిలోకి దూరి లోపల గడియ పెట్టుకున్నాడు. ఎదురుగా మిగిలింది దారం. అతని మొహం మీద నవ్వు ఇంకా ఆరలేదు.

"నవ్వుతున్నావేంట్రా? మా అమ్మ రక్తం చూస్తే నవ్వొస్తోందా?"

"అది కాదు సార్, మా ఆవిడకి..."

మాట నోట్లోనే ఉంది. కాంట్రాక్టరు కాలరు పట్టి రెండు చెంపలూ వాయించాడు. మోకాలితో కడుపులో పొడిచాడు. వంగిన తలను జుట్టు పట్టి లేపి, పక్కనున్న, కార్లను పైకెత్తే లిఫ్టు స్తంభానికేసి కొట్టాడు. కుడి చెవి పైన తగిలింది. ఇనుము మోగిన చప్పుడు షెడ్డు చివరిదాకా వినబడింది.

పక్కన పనిచేస్తున్న వెల్డరు మండుతున్న టార్చి పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "మా బావను వదలరా! మొహం మాడ్చేస్తా, ఏమనుకున్నావో!" అని అరిచాడు గానీ గ్యాసు పైపు పొడవు చాలక రెండు బారల అవతలే ఆగిపోయాడు. అక్కడే నిలబడి మంట ఊపుతూ కాంట్రాక్టరును ఏడు తరాల దాకా తిట్టాడు.

"సాయంత్రం అయిదింటికొస్తా" అన్నాడు కాంట్రాక్టరు, దారాన్ని వదిలేస్తూ. "అది తిన్నగా పోకపోతే మీలో ఒక్కడికీ కాలుండదు." నేల మీద ఉమ్మి, నడిచి వెళ్ళిపోయాడు.

ఓనరు బల్ల వెనక నుంచి లేచి చొక్కా సర్దుకున్నాడు. "పెద్ద దెబ్బేం కాదుగా, దారం? ఇక దీన్ని నువ్వే చూడాలి."

"చూస్తా. రేపు సెలవు కావాలి సార్."

"అది తిన్నగా పోనీ. అప్పుడు నీ ఇష్టం."

చెవి పైన నిమ్మకాయంత బొప్పి కట్టింది. వెల్డరు తడిగుడ్డ అద్దుతూ, "డాక్టరుకి చూపిద్దాం పద బావా" అన్నాడు. వాళ్ళకు ఏ చుట్టరికమూ లేదు. పదహారేళ్ళుగా పక్కపక్కన పనిచేస్తూ బావా బావా అనుకుంటున్నారు.

"హాస్పిటల్ మొహం చూడనని పొద్దున్నేగా ఒట్టేశాను. అదీ పెళ్ళాం మీద."

"నీ మొహం నువ్వు చూసుకున్నావా? గుమ్మడికాయలా ఉంది."

"మా ఆవిడకి గుమ్మడికాయ ఇష్టం" అన్నాడు దారం. వెల్డరు నవ్వలేక నవ్వాడు.

దారం కారును వెనకున్న సిమెంటు మైదానంలోకి తీసుకెళ్ళి చేతులు వదిలాడు. మూడు అనేలోపే ఎడమకు పోయింది. టైర్లలో గాలి చూస్తే సమానంగానే ఉంది. ముందు టైర్లు రెండూ విప్పి ఇటుది అటు, అటుది ఇటు మార్చాడు. తప్పు టైరుదైతే ఇప్పుడు కుడికి లాగాలి. మళ్ళీ ఎడమకే లాగింది. దిగి చక్రాలను అరచేత్తో తడిమి చూశాడు. రెండూ ఒకే వేడిగా ఉన్నాయి. అంటే బ్రేకు పట్టేయడం లేదు.

అతను ఇనుప స్టాండ్ల కోసం లోపలికి నడుస్తుంటే ఎడమ భుజం తలుపుకు కొట్టుకుంది. ఇంకో నాలుగడుగులకు బల్లకు కొట్టుకుంది. ఆగి కాళ్ళ కిందికి చూశాడు. ముందు రోడ్డును చూడాలి. నేల వాలుగా ఉందేమోనని చెంబుడు నీళ్ళు పోశాడు. నీళ్ళు ఎటూ పోకుండా పోసినచోటే పరుచుకుని నిలిచాయి. అతను వాటివైపు కాసేపు చూసి, "ఖాళీ కడుపు" అనుకుని రెండు బిస్కెట్లు తిన్నాడు.

ఎడమ చేతిలోంచి స్పానరు మూడుసార్లు జారింది. తల లోపల ఎవరో బోల్టు బాదుతున్నారు. అయినా నైలాను దారం ముక్కకు ఒక నట్టు కట్టి, చక్రం పక్కన వేలాడదీశాడు. కుడి చక్రానికి పైనా కిందా దారం ఒకే దూరంలో ఉంది. ఎడమ చక్రం పైభాగం మాత్రం చిటికెన వేలంత లోపలికి ఒరిగింది. నేల నుంచి చక్రం పై రేకు దాకా కొలిస్తే ఎడమవైపు రెండు వేళ్ళు తక్కువ. లైటు పట్టుకుని లోపలికి దూరాడు. దొరికింది. ఎడమ స్ప్రింగు అట్టడుగు చుట్టు పుటుక్కున విరిగి, రబ్బరు గిన్నెలో దాక్కుని ఉంది. బ్రేకు తొక్కగానే కారు ఆ మూలకు కుంగుతోంది.

"మిషను కూడా ఎర్ర అంకె చూపించే ఉంటుంది బావా" అన్నాడు వెల్డరుతో, పరీక్ష పాసైన పిల్లాడిలా మొహం వెలిగిపోతుంటే. "ఓనరు బావమరిది పచ్చవే చూశాడు."

తుక్కులో అదే రకం కారు స్ప్రింగు ఒకటి గట్టిది దొరికింది. కొక్కేలు తగిలించి స్ప్రింగును అణుస్తుంటే అది పళ్ళు కొరికినట్టు కిరకిరలాడింది. కొక్కెం జారితే ఆ ఇనుము మనిషిని రెండుగా విరుస్తుంది. వెల్డరు అతన్ని పక్కకు తోసి తానే బిగించాడు. దారం ఒక డ్రమ్ము వెనక్కి వెళ్ళి తిన్న రెండు బిస్కెట్లూ కక్కాడు. మూతి కడుక్కుని ఫోను తీశాడు.

"ఏమోయ్, సెలవు దొరికినట్టే."

"మాట ముద్దగా వస్తోందేమిటండీ? తాగారా?"

"నీ వార్తే ఎక్కింది."

"పోండి! ఏ పడవకి?"

"ఏడున్నర పడవకి. నీలం చీర కట్టుకో. పడవకి కిటికీ ఉండదు. నువ్వు ఎటైనా చూడొచ్చు."

ఆమె నవ్వింది. ఆ నవ్వు అయిపోయేదాకా అతను ఫోను చెవికి ఆనించుకునే ఉన్నాడు.

మరుసటి రోజు పనులు రాసే పలక గోడకు వేలాడుతుంది. దాని మేకు ఊడినప్పుడు తన దారంతో కట్టింది అతనే. సుద్దముక్కతో దాని మీద ఏదో రాసి, చెయ్యి దులుపుకున్నాడు.

"నేను నడుపుతాలే, నువ్వు కూచో" అన్నాడు వెల్డరు.

"ఏడూ లెక్కపెట్టాల్సింది నేను."

అయిదయింది. కాంట్రాక్టరు వచ్చి మైదానం అంచున చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పక్కనే ఓనరు, అతని బావమరిది. దారం మెల్లగా కారును మధ్యకు తెచ్చి చేతులు వదిలాడు. అద్దంలోంచి అతని పెదవులు కదలడం వెల్డరుకు కనబడింది. ఒకటి. రెండు. కారు గీత గీసినట్టు పోతోంది. నాలుగు. అయిదు.

"చూశావా?" అన్నాడు కాంట్రాక్టరు ఓనరుతో. "నాలుగు తగిలిస్తే గానీ మీ దగ్గర పని జరగదు."

ఏడు దాటింది. కారు తిన్నగానే పోతోంది. పది దాటింది. మైదానం చివర పాత టైర్ల గుట్టను ముక్కుతో మెత్తగా తాకి, ఇంజను ఒక్కసారి వణికి ఆగిపోయింది. తలుపు తెరుచుకోలేదు.

"బావా!" అంటూ వెల్డరు పరిగెత్తాడు.

దారం సీటుకు ఆనుకుని, తల ఎడమకు వాల్చి కూర్చుని ఉన్నాడు. చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి. వెల్డరు భుజం పట్టి కుదిపాడు. చెంప తట్టాడు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. ఊపిరి తగలలేదు. తర్వాత వంగి, టైర్ల గుట్ట పక్కన ఎప్పటినుంచో పడి ఉన్న రాడ్డు తీసుకుని, కాంట్రాక్టరు వైపు నడవడం మొదలుపెట్టాడు. ఈసారి పైపు అడ్డం లేదు.

వెనక షెడ్డులో ఎవరూ లేరు. గాలికి పలక నైలాను దారం మీద అటూ ఇటూ ఊగుతోంది. దాని మీద సుద్ద అక్షరాలు అన్నీ ఎడమకు ఒరిగి ఉన్నాయి: 'రేపు దారం సెలవు. ఏడున్నర పడవ.'