మూతి కుట్టని సంచులు

ఆనాటి ఉదయం క్లినిక్‌కు వచ్చినవారి వరుస ఈ విధంగా ఉంది. ముందుగా తల్లి, ఆమె వెనుక, చంటిపిల్లను భుజాన వేసుకున్న పెద్ద కూతురు, ఆ తరువాత, తడి గొడుగును ఎక్కడ ఆనించాలో తెలియక చేతిలోనే పట్టుకున్న చిన్నల్లుడు, అందరికంటే చివర, ఎవరి కోసమైతే వీరందరూ కదిలి వచ్చారో ఆ చిన్న కూతురు. ఆమె బ్యాంకులో నగదు కౌంటరు దగ్గర పనిచేస్తుంది.

ఈ ఊరేగింపునంతా కొలతల గదిలోని అద్దంలో, వెనక్కి తిరగకుండానే చూసిన మనిషి ఒకామె ఉంది. ఆమె అప్పుడు నిలువుటద్దాన్ని పొడిగుడ్డతో తుడుస్తోంది. పై నుంచి కిందికి తుడవాలి తప్ప గుండ్రంగా తుడవకూడదని ఆమె పట్టుదల. గుండ్రంగా తుడిస్తే, చూసుకునేవారి ముఖం మీద చారలు పడతాయి. ఆ గదిలో అద్దాలు తుడవడం, అద్దాలు పట్టుకోవడం, అద్దాల ముందు నిలబడ్డవారికి వెనుక నుంచి దుస్తులు సర్దడం ఆమె ఉద్యోగం. అసలు పేరుతో ఆమెను పిలిచి ఎంతకాలమైందో క్లినిక్‌లో ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆమె అద్దాలమ్మ.

బక్కపలచని మనిషి. మోకాళ్లు అరిగిపోయి, కూర్చుని లేచేటప్పుడు గోడ సాయం అడిగేది. కళ్లజోడును తానే గుచ్చుకున్న పూసల గొలుసుతో మెడలో వేలాడదీసుకునేది. వయసులో ఉండగా నాటకాల దుస్తులకు పూసలు కుట్టే దుకాణంలో పనిచేసిన గుర్తుగా, ముక్కాలిపీట కింద ఒక రేకు డబ్బా నిండా పూసలు మిగిలి ఉన్నాయి. పని లేని మధ్యాహ్నాల్లో వాటిని గుచ్చేది. డాక్టరమ్మ కళ్లజోడుకున్న గొలుసు కూడా ఆ డబ్బాలోనిదే.

ఆమె చేతిపని మరొకటి ఉంది. రొమ్ములు పెంచే ఆపరేషన్ కోరి వచ్చే స్త్రీలు ఈ గదిలో జెల్ నమూనాలను లోదుస్తుల్లో పెట్టుకుని కాసేపు అద్దం ముందు నిలబడతారు. కాసేపట్లో ఏం తెలుస్తుందని అద్దాలమ్మకు మొదటినుంచీ సందేహమే. బస్సు ఎక్కినప్పుడు, వంగి చీపురు పట్టినప్పుడు, బోర్లా పడుకున్నప్పుడు ఎలా ఉంటుందో ఈ అద్దం చెప్పగలదా? అందుకని మెత్తటి గుడ్డతో చిన్న సంచులు కుట్టి, డాక్టరమ్మ చెప్పిన కొలతకు బియ్యం నింపి, ఒక వారం లోదుస్తుల్లో పెట్టుకుని తిరగమని ఇచ్చి పంపేది. డాక్టరమ్మ మొదట నవ్వింది. తరువాత అదే క్లినిక్ పద్ధతి అయింది.

ఒకసారి భోజన విరామంలో, గదిలో ఎవరూ లేనప్పుడు, అద్దాలమ్మ ఆ సంచుల్ని తానే పెట్టుకుని చూసుకుంది. పెళ్లైన కొత్తలో భర్త ఆమెను ముద్దుగా ‘బల్ల’ అనేవాడు. కోపంగా అనలేదు, ఆమె కూడా కోపం తెచ్చుకోలేదు. కానీ మరచిపోనూ లేదు. కొడుకు ఆ బల్ల దగ్గరే తాగి, బలంగా పెరిగి, లారీ నడిపేంతవాడయ్యాడు. భర్త పోయి చాలా కాలమైంది. ఆ మధ్యాహ్నం అద్దంలో తనను అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంటూ ఉండగా డాక్టరమ్మ తలుపు తీసింది. ఇద్దరూ కదల్లేదు. “బాగుంది,” అంది డాక్టరమ్మ, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది. ఆ రోజు భుజాలు లాగినంత మరే రోజూ లాగలేదని అద్దాలమ్మ తరువాత చెప్పుకుని నవ్వుకుంది.

బ్యాంకు అమ్మాయి వారం క్రితం తీసుకెళ్లిన సంచుల్ని ఈ రోజు తిరిగి తెచ్చింది. వాటిని పెట్టుకుని ఆమె కౌంటరులో కూర్చుంది, కూరలు కొంది, ఇంటికి చుట్టుదారిన నడిచింది. కొత్త బట్టలా అని తోటి ఉద్యోగిని ఒకామె అడిగిందట. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ముఖం వెలిగింది. కావాలన్న కోరికలో సందేహం లేదు. చిక్కంతా ఎప్పుడు అన్నదాని దగ్గరే. భార్యాభర్తలిద్దరూ వచ్చే ఏడాది బిడ్డను కనాలనుకున్నారు.

డాక్టరమ్మ అందరినీ కూర్చోబెట్టి రెండు దారులూ చెప్పింది. ముందే ఆపరేషన్ చేయించుకుంటే, అన్నీ కుదుటపడేదాకా గర్భాన్ని కొన్ని నెలలైనా వాయిదా వేయాలి. కోత సరైన చోట పెడితే పాలివ్వడానికి సాధారణంగా అడ్డు ఉండదు, కాని పూచీ ఇవ్వలేం. గర్భంలోనూ పాలిచ్చే కాలంలోనూ చర్మం సాగి రూపు మారవచ్చు; మళ్లీ సరిచేయవలసి రావచ్చు. బిడ్డ తరువాత అయితే, పాలు మాన్పించి, ఒళ్లు నిలకడకు వచ్చేదాకా ఆగి రావాలి. ఏది తప్పు, ఏది ఒప్పు అన్న ప్రశ్న లేదని, ఎంపిక అమ్మాయిదేనని ఆమె ముగించింది.

అమ్మాయికి మాట్లాడే వంతు రాలేదు. బిడ్డ ముందు, మిగిలినవన్నీ తరువాత అని తల్లి తేల్చేసింది. పాలిచ్చినన్నాళ్లు ఊరికే పెరుగుతాయి, డబ్బు దండగెందుకని అక్క. భర్త తనకేమీ అభ్యంతరం లేదన్నాడు. ముందైనా సరేనా అని అడిగితే అభ్యంతరం లేదన్నాడు. తరువాత అయితే అన్నా అదే జవాబు.

“మరిదిగారూ, మీ గొడుక్కి కూడా అభ్యంతరం లేదేమో కనుక్కోండి. ఇందాకట్నుంచి నా కాలి మీదే కారుతోంది,” అంది అక్క.

ఆయన గొడుగును రెండో చేతికి మార్చుకున్నాడు.

నమూనాలను చివరిసారి సరిచూసుకోవడానికి అమ్మాయి కొలతల గదిలోకి వెళ్తే, ఆ వరుస వరుసా ఆమె వెనకే లోపలికి నడిచింది. అద్దాలమ్మ ఆమె వీపు వెనుక కొక్కేలు పెట్టి, పైన వదులు చొక్కా తొడిగి, చేతి అద్దాన్ని పక్కగా పట్టుకుంది. ఇన్నేళ్లుగా ఆమెకు తీరని కుతూహలం ఒకటే: అద్దం ముందుకు రాగానే మనిషి చూపు ముందు ఎక్కడికి వెళ్తుంది? గుండె మీదికి వెళ్తుందని అందరూ అనుకుంటారు. కాదు. తొంభైపాళ్లు ముందు తమ ముఖాన్నే చూసుకుంటారు, ఇష్టపడుతున్నానా అని తమనే అడుగుతున్నట్టు. బ్యాంకు అమ్మాయి ముఖమూ చూసుకోలేదు, గుండె వైపూ చూసుకోలేదు. ఆమె అద్దంలో తలుపు దగ్గర నిలబడ్డ ముగ్గురినీ చూస్తోంది.

అంతలో అక్కకు చేతులు కడుక్కోవలసి వచ్చి, పాపను చెల్లెలి చేతుల్లో పెట్టి వెళ్లింది. పాప ఒక క్షణం ఆ కొత్త భుజాన్ని ఆనుకుని ఉంది. తరువాత ముక్కుతో తడుముకుంటూ కిందికి జారి, చొక్కా గుడ్డను నోటపట్టి గట్టిగా రెండు గుక్కలు లాగింది. ఏమీ రాలేదు. నోరు తీసి, తల వెనక్కి వంచి, పిన్ని ముఖంలోకి చూసింది. ఏడవలేదు, కనుబొమలు మాత్రం దగ్గరికి వచ్చాయి. కొట్టు మూసి ఉందేమిటి అని అడిగే పాత ఖాతాదారులా ఉంది.

అందరూ నవ్వారు. చేతులు తుడుచుకుంటూ వచ్చిన అక్క కూడా నవ్వింది.

“చూశావా? పసిదానికి తెలిసింది నీకు తెలియట్లేదు,” అంది తల్లి.

అమ్మాయి నవ్వలేదు. పాపను అక్కకు అందించిన చేతులు అలాగే గాలిలో ఉండిపోయాయి.

అద్దాలమ్మ చేతి అద్దాన్ని పీట మీద పెట్టింది. “కొలత రాసేటప్పుడు గదిలో ఒక్కరే ఉండాలండీ. రూలు,” అంది. తల్లిని, అక్కను, పాపను, గొడుగును, చివరికి అప్పుడే తొంగిచూసిన డాక్టరమ్మను కూడా మర్యాదగా బయటికి సాగనంపి తలుపు గడియ పెట్టింది. క్లినిక్‌లో అటువంటి రూలు ఏనాడూ లేదు. డాక్టరమ్మకు ఆ సంగతి తెలుసు.

బయట పాప కూతలు వినిపిస్తున్నాయి.

“అది అలా వెతుకుతుంటే నాకు బాధ కలగలేదమ్మా. అందరూ అదే అనుకున్నారు. తమాషాగా అనిపించింది. ఏం దొరుకుతుందనుకుందో దానికి,” అంది అమ్మాయి.

“దానికేం, అందరి దగ్గరా ఓసారి అడిగి చూస్తుంది. నన్ను కూడా అడిగేదే, దగ్గరికెళ్తే.”

ఆమె కాస్త నవ్వింది. తరువాత మాటలు వాటంతట అవే వచ్చాయి. చిన్నప్పుడు అక్క బట్టలే ఆమెకు వచ్చేవి. నడుము సరిపోయేది, భుజాలు సరిపోయేవి, గుండె దగ్గర మాత్రం వదులు. అమ్మ లోపలికి కుట్లు వేసేది. ఎవరూ వెక్కిరించలేదు. అందరి బస్సులూ వచ్చి వెళ్లాయి, తాను ఎక్కవలసినదొక్కటే రాలేదు, అంతే.

“రెంటిలో ఏది వాయిదా వేస్తే నీకు నిద్ర పట్టదు?” అని అద్దాలమ్మ అడిగింది. అద్దం పట్టుకునే మనిషి ఎంపికలో తలదూర్చకూడదన్నది ఆమె తనకు తాను పెట్టుకున్న నియమం. ఇన్నేళ్లలో అది తప్పడం ఇదే మొదలు.

అమ్మాయి తాను తిరిగి తెచ్చిన సంచుల్లో ఒకదాన్ని చేతిలోకి తీసుకుంది.

“ఈ ఒళ్లు తనంతట తాను ఏం చేస్తుందో ఒక్కసారి చూడాలనుంది. ఇప్పటిదాకా అది ఏమీ చెయ్యలేదు కదా. చూశాక ఇది చేయించుకుంటాను. కానీ...” గొంతు తగ్గించింది. “ఇప్పుడు ఆగితే మళ్లీ నన్ను రానివ్వరమ్మా. తల్లివయ్యావు, ఇంకెందుకు అంటారు. నేను కూడా అనేసుకుంటాను. అదీ నా భయం.”

“నీ సంచులు ఇక్కడే ఉంటాయి,” అంది అద్దాలమ్మ. “ఉన్నాయని గుర్తుపెట్టుకో. నీ సామాను కోసం నువ్వొస్తే ఎవరూ ఎందుకని అడగరు.”

తలుపు తీశాక అమ్మాయి తన నిర్ణయాన్ని స్పష్టంగా చెప్పింది. తల్లి తృప్తిగా లేచి, పోనీలే, మానుకున్నావు అన్నది.

“మానుకోలేదమ్మా. తర్వాత అన్నాను.”

భర్త గొడుగు విప్పబోయి ఆగి, ఆ రోజు మొదటిసారిగా అభ్యంతరం ప్రసక్తి లేని మాట అన్నాడు. “అప్పుడు సెలవు పెట్టి నేనొస్తాను. పాపనో బాబునో ఎవరో ఒకరు ఎత్తుకోవాలిగా.” వదినగారు ఆయనను కొత్తగా చూసింది.

వారు వచ్చిన వరుస వెళ్లేటప్పుడు తిరగబడింది. బ్యాంకు అమ్మాయి ముందు నడిచింది.

అమ్మాయికి అద్దాలమ్మ చెప్పని సంగతి ఒకటుంది. అది ఆమెకు ఉద్యోగంలో ఆఖరి రోజు. మోకాళ్లు ఇక కుదరదన్నాయి. సాయంత్రం రోగులు తగ్గాక ఆమె పీట మీద కూర్చుని, ఆ సంచుల కుట్లు విప్పి, బియ్యాన్ని గిన్నెలోకి వంచింది. బియ్యం ఒక వర్షాకాలం దాటితే పురుగు పడుతుంది. ఈ అమ్మాయి రావడానికి ఎన్ని వర్షాకాలాలు పడుతుందో ఎవరు చెప్పగలరు? రేకు డబ్బా తీసి, బియ్యం ఎంత ఎత్తు వచ్చిందో అంత ఎత్తుకు పూసలు కొలిచి నింపింది. ఎరుపు, నీలం, పచ్చ, ఎప్పటివో నాటకాల రాణుల పూసలు. మిగిలినవాటిని చిన్న మూటగా కట్టి పక్కన పెట్టింది. కిటికీ వెలుతురులో సూదికి దారం ఎక్కించింది. కుట్టబోయి, ఏదో ఆలోచించి, ఆగింది.

సంచుల్ని గదిలోని సొరుగులో ఉంచి, తాళం వేసి, తాళంచెవిని డాక్టరమ్మ చేతికి ఇచ్చింది. “ఆ అమ్మాయి వస్తుంది. పారేయకండి,” అని మాత్రం చెప్పింది. డాక్టరమ్మ ఆమెను గేటు దాకా సాగనంపింది. ఆ మరుసటి చలికాలంలో, కొడుకు ఇంట, మధ్యాహ్నం నిద్రలోనే ఆమె పోయింది.

బ్యాంకు అమ్మాయి తిరిగి వచ్చేసరికి ఆమె కొడుకు నడవడమే కాదు, పరుగెత్తడం నేర్చాడు. తండ్రి వాడి వెనుక వరండాలో పరుగెడుతున్నాడు. ఆమె ఒళ్లు తాను చేయగలిగినది చేసి, పాలిచ్చి, మునుపటికంటే తగ్గి, నిలకడకు వచ్చింది. పాత కొలత ఇప్పుడు పనికిరాదని డాక్టరమ్మ చెబుతూనే సొరుగు తెరిచింది. కొలత మారుతుందని ముందే తెలిసిన మనిషి ఒకామె ఉండేదని అప్పుడు ఇద్దరికీ అర్థమైంది.

ఆ తరువాత ఆపరేషన్ చక్కగా జరిగినందుకు డాక్టరమ్మకూ, సెలవు పెట్టి పిల్లవాడిని ఎత్తుకున్నందుకు భర్తకూ, కాదనక పక్కన కూర్చున్నందుకు తల్లికీ దక్కవలసిన ధన్యవాదాలు దక్కాయి. దక్కనిది ఒకరికే. కనుక, తిరిగి వచ్చే మనిషి ఏ కొలతతో వస్తుందో నిర్ణయించే హక్కు తనకు లేదని గ్రహించి, తన కొలువులోని చివరి పనిని కావాలనే అసంపూర్తిగా వదిలిన అద్దాలమ్మ చేసిన మేలును ఇక్కడ సగౌరవంగా పేర్కొనడమైనది. సొరుగులో రెండు పూసల సంచులు మూతి తెరుచుకుని ఉన్నాయి. వాటి పక్కన పూసల మూట, ఒక సంచి అంచున గుచ్చి ఉంచిన సూది, దానికి పొడవుగా వదిలిన తెల్లదారం.