కొక్కెం కదలదు

బ్రిస్టల్‌లో నేను కారు ఆపేసరికి మా అన్న కొడుకు క్లైవ్ వాకిట్లో నిలబడి ఉన్నాడు. వాన పడుతోంది. వానలో ఎవడూ ఊరికే నిలబడడు. నేను దిగకముందే కారు చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. ముందు బంపరు దగ్గర వంగి చూశాడు. ఎడమ తలుపు మీదున్న గీతని బొటనవేలితో రాసి చూశాడు.

"దారిలో ఇబ్బందేం కాలేదు కదత్తా?"

ముప్ఫయ్యేళ్లుగా వస్తున్నాను వీళ్లింటికి, ఇంతవరకూ ఎవడూ ఆ మాట అడగలేదు. అక్కడే తేడా కొట్టింది నాకు.

నా పేరు థెల్మా రిమ్మర్. డెబ్భై ఆరేళ్లు. బర్కెన్‌హెడ్‌లో ఓడలు కట్టే యార్డులో క్రేను నడిపి రిటైరయ్యాను. మొగుడు పోయాక ప్రతి వేసవీ ఒక్కదాన్నే కారేసుకుని బయల్దేరతాను. చుట్టాలున్న చోటల్లా ఏదో ఒక పాత ఓడ ఉంది నా అదృష్టం కొద్దీ. పగలు ఓడ, సాయంత్రం చుట్టాలు. ఓడలు నయం, సలహాలివ్వవు. మా వీధికి సాయంత్రం అయితే బస్సు రాదు. ఆ కారు లేకపోతే నేను కిటికీ పక్కన కూర్చున్న ముసలిదాన్ని, అంతే.

లైసెన్సు వచ్చే నెలతో అయిపోతుంది. డెబ్భై దాటినవాళ్లం మూడేళ్లకోసారి మళ్లీ తీసుకోవాలి. కళ్లు బాగానే ఆనుతున్నాయని మనకి మనమే చెప్పుకోవాలి. ఎవరూ పరీక్ష చెయ్యరు. మన మాటే చాలు. ఇంతకు ముందు చెప్పాను, ఈసారీ చెబుతాను.

క్లైవ్ కూతురు కిర్‌స్టీకి మొన్ననే పదిహేడు నిండాయి. డ్రైవింగ్ నేర్చుకుంటోందట. భోజనాల దగ్గర ఆ మాట వినగానే నాకు లెక్క కుదిరింది. నా కారు మీద కన్నేశారు వీళ్లు. ముసలిదాన్ని బెదరగొట్టి తాళాలు లాక్కుని పిల్లకిద్దామని.

మర్నాడు గ్రేట్ బ్రిటన్ ఓడ దగ్గరికి వెళ్లాం. రేవు గట్టు మీద, ఓడకి చాలా దూరంలోనే క్లైవ్ నన్ను ఆపాడు. వెనక భాగం మీద ఏం రాసుంది అత్తా అన్నాడు, పెదాలు తడుపుకుంటూ.

"గ్రేట్ బ్రిటన్ అని రాసుంది. ఇంకేముంటుందిరా, నీ పెళ్లాం పేరుంటుందా?"

వాడు నవ్వాడు. వాడి పెళ్లాం నవ్వలేదు. ఫోనులో ఏదో కొట్టింది.

ఏం కొట్టిందో గోస్‌పోర్ట్‌లో తెలిసింది. అక్కడ మా పినతల్లి కూతురు మ్యూరియల్ ఉంటుంది. క్లైవ్ ఇంట్లో టీ పలచగా ఉందని నేను సణిగిన మాట నాకంటే ముందు ఆ ఊరు చేరిపోయింది. మ్యూరియల్ నాకిచ్చిన టీ తారులా ఉంది. "నీకు చిక్కగా కావాలట కదా" అంది. ఎవరు చెప్పారంటే, ఎవరో అన్నారులే అని స్కోన్లనే చిన్న రొట్టెల పళ్లెం ముందుకి తోసింది. నేను దారిలో ఉండగానే నా వెనకాల మాటలు పరిగెడుతున్నాయన్నమాట.

ఆ సాయంత్రం రేవు ఒడ్డున బెంచీ మీద కూర్చున్నాం. నీళ్లకి అవతల పోర్ట్స్‌మత్. విక్టరీ ఓడ తెరచాప స్తంభాలు కనిపిస్తున్నాయా అని అడిగింది మ్యూరియల్, ఏమీ ఎరగనట్టు. కనిపించకేం, మూడూ ఎప్పట్లాగే నిటారుగా ఉన్నాయన్నాను. ఆ ఓడని నేను ఎన్నిసార్లు చూడలేదు గనక! మ్యూరియల్ నా మొహంలోకి ఒకసారి చూసి, నీళ్ల వైపు తిరిగింది. ఆ చూపు నాకు నచ్చలేదు.

అందుకని మా యార్డులో పొగమంచు కమ్మిన రోజు కథ దానికి మళ్లీ చెప్పాను, నా కళ్ల సంగతి నాకు తెలుసని అర్థమవ్వాలని. క్రేనులో కూర్చున్నవాళ్లకి కింద ఒక మనిషి చేత్తో సైగ చేస్తాడు. ఆ రోజు పైనుంచి చూస్తే ఆ చెయ్యి కనబడలేదు. ఎత్తు, ఎత్తు అని ఫోర్‌మన్ అరిచాడు. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. చివరికి మేనేజరే వచ్చాడు. నీకీ యార్డంతా కంఠస్థమే కదా, కళ్లు మూసుకుని కూడా ఎత్తగలవు కదా అన్నాడు పొగుడుతూ. నేను కంఠస్థంతో ఎత్తను, చూసి ఎత్తుతాను, చెయ్యి కనబడకపోతే కొక్కెం కదలదు అన్నాను. యార్డు యార్డంతా పని ఆపి నా వెనక నిలబడింది. ఆ తర్వాత అదే అక్కడ నిబంధన అయింది. మేనేజరుగారి పొగడ్తకి పడిపోయి ఉంటే ఆ రోజు కింద ఎవడో ఒకడు చచ్చేవాడు.

మ్యూరియల్ అంతా విని, "నువ్వు అప్పుడు భలేదానివి థెల్మా" అంది. ఆ 'అప్పుడు' అన్నమాట దారి పొడుగునా నాతో ప్రయాణం చేసింది.

హార్టిల్‌పూల్ చేరేసరికి చీకటి పడుతోంది. మా చెల్లెలు బెరిల్ ఊరది. వాళ్లాయన కెన్ నీలం కారు వాకిట్లో ఉంది. దాని వెనకే, ముక్కు ఆనించినట్టు, నా కారు పెట్టాను. ఎంత చక్కగా పెట్టానో అనుకున్నాను కూడా. బెరిల్ హామూ బఠాణీ ముద్దా పెట్టిన బన్ను ఇచ్చింది, టీ ఇచ్చింది. టీ తారులా ఉంది.

పొద్దున ట్రింకోమలీ అనే పాత ఓడ చూడ్డానికి బయల్దేరాం. కెన్ తన కారులో ముందు వెళ్లాడు. ముగ్గురికీ రెండు కార్లెందుకని అడిగితే, వాడికి వేరే పనుందని బెరిల్ అంది. నా పక్కన కూర్చుని దారంతా తలుపు పిడి పట్టుకునే ఉంది. ఒక మలుపు దగ్గర "అక్కా, సైకిలు" అంది. చూశానన్నాను. చూడలేదు.

కార్లు ఆపే చోట దిగేసరికి కెన్ తన కారు వెనక నుంచి మా వైపు పెద్ద పెద్ద అంగలేసుకుంటూ వస్తున్నాడు. పెదాలు కదులుతున్నాయి. ఒకచోట ఆగి బూటు మడమతో నేల మీద గీత గీశాడు.

ఈ దేశంలో డ్రైవింగ్ పరీక్షకి వెళ్లినవాళ్లెవరికీ ఆ అంగలేమిటో చెప్పక్కర్లేదు. ఇరవై మీటర్లు. అంత దూరంలో ఉన్న బండి నంబరు చదవాలి. చదవలేకపోతే స్టీరింగు ముట్టనివ్వకుండా ఇంటికి పంపేస్తారు.

బ్రిస్టల్ ఓడ పేరు, గోస్‌పోర్ట్ బెంచీ, అన్నీ ఒక్కసారిగా కలిసొచ్చాయి. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏంటిది బెరిల్? కిర్‌స్టీ కోసమేనా ఈ నాటకమంతా?"

"మధ్యలో కిర్‌స్టీ ఎందుకక్కా? ఆ గీత దగ్గర నిలబడి మీ మరిది బండి నంబరు చదువు. చదివేశావనుకో, అందరం నోళ్లు మూసుకుంటాం."

గీత మీద నిలబడ్డాను. గట్టిగా, పడవల్లో ఉన్నవాళ్లకి కూడా వినబడేలా చదివాను. కె, డెబ్భై తొమ్మిది, బి ఆర్ ఎల్. కెన్‌లో కె, పెళ్లయిన సంవత్సరం, ఆపైన బెరిల్. వాడు రిటైరైనప్పుడు తోటి పనివాళ్లు కొనిచ్చిన సొంత నంబరు అది. బండి మారినప్పుడల్లా పాతదాని మీంచి తీసి కొత్తదాని మీద వేయిస్తాడు, పతకంలాగా.

కెన్ తల వంచుకున్నాడు.

"ఆ నంబరు ఇప్పుడు మేం కొన్న క్యాంపర్ వ్యాను మీదుందక్కా," అంది బెరిల్. "పోయిన నెల మార్చించాడు. రాత్రి నువ్వు ముక్కు ఆనించి పెట్టింది ఈ కారుకే. అయినా చూడలేదు."

అప్పుడు చూశాను. నిజంగా చూశాను. పసుపు పచ్చగా ఒక పట్టీ. దాని మీద నల్లగా, తడిసిన గొంగళిపురుగులు ఒకదాని మీదొకటి పడ్డట్టు ఏదో ఉంది. కళ్లు చికిలించాను. పురుగులు కదిలాయి గానీ విడిపోలేదు.

"విక్టరీ స్తంభాలు కూడా లేవు," అంది బెరిల్ నెమ్మదిగా. "మరమ్మతుకని క్రేనుతో ఎత్తి తీసేశారు. మూడూ కనిపిస్తున్నాయని చెప్పావట. మ్యూరియల్ ఆ రాత్రి నాకు ఫోను చేసి ఏడ్చింది."

క్రేనుతో అన్నమాటే బాగా దిగింది. ఏదో ఒకటి అందామని నోరు తెరిచాను. అద్దాలు తుడవలేదనో, ఎండ ఎదురుగా ఉందనో. ఎండ లేదు. నీకంతా కంఠస్థమే కదా అన్న ఆ మేనేజరు గొంతు వినబడింది, పొగుడుతూ.

తాళాలు జేబులోంచి తీశాను. కెన్ చెయ్యి చాపాడు. వాడికివ్వలేదు. మళ్లీ జేబులోనే వేసుకున్నాను.

"కారు మీ వాకిట్లో ఉంటుంది," అన్నాను. "ఇంటికి రైల్లో పోతాను. కళ్ల డాక్టరు చూసి ఏదంటే అది. నడపొచ్చంటే నేనే వచ్చి తీసుకెళతాను. వద్దంటే అప్పుడు చూద్దాం. అప్పటిదాకా తాళాలు నా దగ్గరే. కిర్‌స్టీ దాన్ని ముట్టుకుందని తెలిస్తే ఊరుకోను."

"దానికి నీ కారు వద్దటక్కా. లోపల కుక్క వాసనట."

"నాకు కుక్క లేదు."

"అదే మాకూ అర్థం కాలేదు."

కెన్ కిందకి చూస్తూ నవ్వు ఆపుకున్నాడు. నా కారుని ఇంటికి వాడే నడపాలి, తన కారు కోసం మళ్లీ వస్తాడు. పక్క సీట్లో నేనే కూర్చుంటాననీ, గేరు మార్చేటప్పుడు కీచుమనిపిస్తే దింపేస్తాననీ చెప్పాను.

ఓడ వైపు నడిచాం. ఈసారి పేరు చెప్పెయ్యలేదు. తెలిసిన పేరే, నోటి చివరే ఉంది, అయినా చెప్పలేదు. అక్షరం అక్షరంగా విడిపడేదాకా నడుస్తూనే ఉన్నాను. ఎంత దగ్గరికి రావాల్సొచ్చిందో తెలిసి బెరిల్ నా చెయ్యి పట్టుకుంది.

అప్పుడే దాని ఫోను మోగింది. ఎవరో కంపెనీవాళ్లని గొణుగుతూ ఫోను పక్కకి తిప్పేసుకుంది. అంత దగ్గర్లో ఉన్నది నాకు బాగానే కనిపిస్తుంది.

క్లైవ్.