ముసుగు రౌతు బూట్లు

మా ఆయన బల్లకీ మా మరిది బల్లకీ మధ్య దూరం మూడు అడుగులు. ఆ మూడు అడుగుల మేర ఎనిమిది నెలలుగా నేను మాటలు మోస్తున్నాను.

మాది చెప్పుల రిపేరు కొట్టు. వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. వీధి వైపు మా ఆయన బల్ల, దాని వెనక మరిది బల్ల, చివర కిటికీ కింద నా కుట్టు మిషను. మా ఆయన సోళ్ళు కోస్తారు, మరిది అంటిస్తాడు, బ్యాగులూ జిప్పులూ నా వంతు. గోడకి బిగించిన చెక్క మీద ఒక చిన్న టీవీ ఉంది. ప్రతి శుక్రవారం సాయంత్రం ఆరింటికి షట్టరు సగం దించేసి ముగ్గురం 'పొగమంచు కోట' చూస్తాం. నాలుగేళ్ళ నుంచీ ఒక్క వారం తప్పలేదు. అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశాక కూడా తప్పలేదు.

ఆ సీరియల్‌లో ఒక రాజు, అతనికో తమ్ముడు. మొదటి సీజన్ చివర్లో తమ్ముడు గుర్రంతో సహా ఏట్లో పడి కొట్టుకుపోయాడు. శవం దొరకలేదు. రెండో సీజన్ నుంచి ముసుగు వేసుకున్న రౌతు ఒకడు కోట చుట్టూ తిరుగుతున్నాడు. వాడు ఎవడన్నది ఇప్పటికీ తేలలేదు. దాని మీదే మా కొట్లో రోజూ రామరావణ యుద్ధం.

"వదినా, అన్నయ్యకి చెప్పు. ఆ రౌతు రాజు తమ్ముడే. ఎడమ బూటు మడమ బయటి వైపు అరిగింది. మొదటి సీజన్‌లో తమ్ముడి మడమ కూడా అక్కడే అరిగింది. ఫోన్లో ఆపి మరీ చూశాను."

మరిది మాట పూర్తయ్యేలోపే మా ఆయనకి వినిపించేస్తుంది, మూడడుగులే కదా. అయినా నేను చెప్పేదాకా ఆగుతారు. నేను చెప్పాక, అప్పుడే విన్నట్టు ముఖం పెడతారు.

"వాడికి చెప్పు. అరిగిన మడమలు లోకంలో సవాలక్ష. సోలు అడుగు చూడందే మడమ మాట నేను నమ్మను. వాడు చచ్చిన సేనాపతి. మంత్రగత్తె బతికించింది. తమ్ముడే అయితే ఇన్నాళ్ళూ ముసుగు దేనికి? నేరుగా వచ్చి అన్నతో మాట్లాడొచ్చుగా?"

"వదినా, అన్నయ్యకి చెప్పు. ఏట్లో పడ్డవాడు రావడం కాదు, ఒడ్డున ఉన్నవాడు ముందు పిలవాలి."

నాకు ఒళ్ళు మండేది. వీళ్ళు మాట్లాడేది రాజు గురించా, వీళ్ళ గురించా? చేతిలో జిప్పు పట్టుకుని ఇటు తిరిగీ అటు తిరిగీ నా మెడ పట్టేసింది.

ఇదంతా ఒక బ్యాండు మాస్టారి బూట్లతో మొదలైంది. మా దగ్గర సోలు కోయడానికి ఒకే అట్ట అచ్చు ఉంటుంది. దాన్ని రబ్బరు షీటు మీద పెట్టి ఎడమకి ఒకసారి గీయాలి, తిరగేసి కుడికి ఒకసారి గీయాలి. తిరగెయ్యడం మర్చిపోతే రెండూ ఎడమలే వస్తాయి. అంచులు కాస్త వదిలి కోస్తారు కాబట్టి, తొందరలో ఉన్నవాడు ఆ ముక్కని కుడి బూటుకి కూడా అంటించి చుట్టూ చెక్కేయగలడు. కానీ పాదం వంపు కింద వచ్చే సోలు నడుము లోపలి వైపు సన్నగా ఉండాల్సింది బయటి వైపు సన్నగా ఉంటుంది. కాలు ఆ పక్కకి ఒరుగుతుంది.

అలా అంటించిన బూట్లే వేసుకుని ఆ మాస్టారు మర్నాడు ఊరేగింపులో బ్యాండుకి ముందు నడిచారు. ఆయన కుడికి జరుగుతుంటే వెనక పదహారు మందీ కుడికి జరిగారు. అందరూ వాయిస్తూ వాయిస్తూనే పూలకుండీల మీద పడ్డారు.

సాయంత్రం డోలుతో సహా అందరూ మా కొట్టు మీదకి వచ్చారు. మా ఆయన బూట్లు తిరగేసి చూసి, వాళ్ళందరి ముందూ, "వీడికి చిన్నప్పట్నుంచీ కుడీ ఎడమా తెలీదండీ" అనేశారు. డోలు వాయించేవాడు పడీ పడీ నవ్వాడు. మరిది తలవంచుకుని ఆ సోళ్ళు పీకి వేరేవి అంటించి ఇచ్చాడు. మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి తన బల్లని గోడ వైపు తిప్పేసుకుని కూర్చున్నాడు.

ఇక నా సంగతి. బ్యాండు వాళ్ళు వచ్చిన రాత్రి కొట్టు ఊడ్చింది నేను. బల్ల కింద ఆ రబ్బరు షీటు దొరికింది. దాంట్లో రెండు కన్నాలు, రెండూ ఒకే వైపు వంగి ఉన్నాయి. తప్పు కోతలోనే జరిగింది. అంటే మా ఆయన చేతిలోనే.

ఆ షీటు తీసుకెళ్ళి మొగుడి చేతిలో పెట్టాల్సింది. పెట్టలేదు. ఒకసారి మాట అనేశాక దాన్ని వెనక్కి తీసుకోవడం ఆ మనిషికి ప్రాణం మీదకొచ్చినంత పని. నాలుగు రోజులు పోతే వాళ్ళే సర్దుకుంటారులే అనుకుని, దాన్ని చుట్టచుట్టి కుట్టు మిషను వెనక దూర్చేశాను. ఐదో రోజు మరిది చెత్తబుట్ట బోర్లించి దేనికోసమో వెతకడం చూశాను. ఏం వెతుకుతున్నావని అడగలేదు. అడగడం దేనికి, నాకు తెలుసు కదా. కుక్కిన పేనులా జిప్పు కుట్టుకుంటూ కూర్చున్నాను. అంతకంటే సిగ్గుమాలిన పని నేను జన్మలో చేయలేదు.

నాలుగు రోజులు ఎనిమిది నెలలయ్యాయి.

'పొగమంచు కోట' ఆఖరి ఎపిసోడ్ ఉన్న వారం, సోమవారం నాడు మరిది నా దగ్గరికి వచ్చి నించున్నాడు. "వదినా, అన్నయ్యకి చెప్పు. శనివారం మధ్యలో ప్లైవుడ్ గోడ పెట్టించుకుంటున్నాను. వెనక గుమ్మం నాది, ముందు గుమ్మం అన్నయ్యది. ఎవరి పని వాళ్ళది."

 మా ఆయన కత్తి నూరడం ఆపలేదు. "పెట్టించుకోమను" అన్నారు. అన్నారే గానీ, ఆ కత్తిని మధ్యాహ్నం దాకా నూరుతూనే ఉన్నారు.

మంగళవారం కొలతలకి వడ్రంగి మేస్త్రి వచ్చాడు. చూస్తే అతనూ 'పొగమంచు కోట' పిచ్చివాడే. టేపు సగం లాగి, టీవీలో వస్తున్న దాని ప్రకటన చూసి, టేపు వదిలేశాడు.

"ఆ రౌతు ఎవరో నేను ఎప్పుడో చెప్పేశాను" అన్నాడు. "రాణి. నూటికి నూరుపాళ్ళూ రాణి."

"రాణీనా!" అన్నదమ్ములిద్దరూ ఒకేసారి అన్నారు. వెంటనే నాలుక కరుచుకుని ఎవరి గోడ వాళ్ళు చూసుకున్నారు.

"కోట తలుపు గమనించారా? గడియ లోపలి వైపు ఉంది. రౌతు వచ్చిన ప్రతిసారీ అది తీసే ఉంటోంది. అంటే ఎవరు తీస్తున్నట్టు? లోపలి మనిషేగా! మీరు బూట్లు చూస్తారు, నేను తలుపులు చూస్తాను. ఇంతకీ ఈ గోడకి తలుపు పెట్టమంటారా, వద్దా?"

మా ఆయన కత్తి అందుకున్నారు, మరిది జిగురు డబ్బా అందుకున్నాడు. మేస్త్రి నా వైపు చూశాడు. "ఎందుకమ్మా ఈ గోడ? ఇంత ఇరుకులో గోడ పెడితే ఇద్దరికీ గాలాడదు."

చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. మిషను వెనక్కి చూపు కూడా పోయింది. కానీ ఎనిమిది నెలల కింద చెప్పాల్సిన మాట ఇప్పుడు చెబితే ఇద్దరూ నన్నే అంటారు. మొగుడు ఒకవైపు, మరిది ఒకవైపు. భయమేసింది, అంతే. మళ్ళీ మింగేశాను.

శుక్రవారం ఆఖరి ఎపిసోడ్. ఆరింటికి షట్టరు సగం దించుతుంటే దాని కింద నుంచి మేస్త్రి దూరి లోపలికొచ్చాడు. "రేపు ఎలాగూ రావాలిగా, ఇవాళే వస్తే ఏం పోయింది" అంటూ మా ఆయన పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ప్లైవుడ్ పలకలు పొద్దున్నే దింపించాడు. అవి గోడకి ఆనించి ఉన్నాయి. వాటిని చూస్తే నాకు టీవీ మీద మనసు నిలవలేదు.

గంటసేపు యుద్ధం సాగింది. కోట తగలబడింది. మంత్రగత్తె గద్దయి ఎగిరిపోయింది. చివరికి వంతెన మీద రాజూ రౌతూ ఎదురుపడ్డారు. కత్తులు కలిశాయి. రౌతు పడిపోయాడు. రాజు మోకాళ్ళ మీద కూర్చుని ముసుగు మీద చెయ్యి వేశాడు.

అప్పుడు కెమెరాని రౌతు కాళ్ళ వైపు పెట్టి చూపించారు. ముందు రెండు సోళ్ళు టీవీ నిండా, వెనక ఎక్కడో దూరంగా ముఖం.

"చూడండి, చూడండి!" అని మేస్త్రి కేకేశాడు.

మా ఆయన చూశారు. మరిది చూశాడు. నేనూ చూశాను. కానీ మేస్త్రి చూడమన్నది ఒకటి, మేం చూసింది ఒకటి. ఎడమ బూటు సోలు నడుము లోపలి వైపు సన్నగా ఉంది. కుడి బూటు సోలు నడుము బయటి వైపు సన్నగా ఉంది.

"ఒరేయ్!" అని అరిచారు మా ఆయన, లేచి నిలబడి. "రెండూ ఎడమలేరా!"

"రెండూ ఎడమలే అన్నయ్యా!"

"అంత పెద్ద కోట కట్టారు, అన్ని గుర్రాలు తెచ్చారు, అచ్చు తిరగెయ్యడం మర్చిపోయార్రా!"

"చుట్టూ చెక్కేసి సరిపెట్టాడు అన్నయ్యా, చూడు, చూడు ఆ అంచు!"

ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వుతున్నారు. మేస్త్రి లబోదిబోమంటున్నాడు. "ముసుగు తీశారయ్యా! ముఖం చూశారా? అసలు మనుషులేనా మీరు?" పేర్లు పడటం మొదలైంది. రౌతు ఎవరో మా ముగ్గురిలో ఒక్కరమూ చూడలేదు.

నవ్వు మెల్లగా తగ్గింది. తగ్గాక ఇద్దరికీ ఒకరి భుజం మీద ఒకరి చెయ్యి ఉన్నట్టు తెలిసొచ్చింది. మరిది చెయ్యి తీసేసుకున్నాడు. మా ఆయన తీయలేదు.

"వీళ్ళకీ నాలాంటోడే ఎవడో కోసిపెట్టినట్టున్నాడు" అన్నారు నేల చూపులు చూస్తూ. "ఆ రోజు అచ్చు తిరగెయ్యనిది నేనేరా. బూట్లు చేతిలోకి తీసుకోగానే తెలిసింది. వాళ్ళంతా చూస్తున్నారు. నోటికొచ్చింది అనేశాను. ఆ తరవాత ఎలా చెప్పాలో తెలీలేదు."

నేను ఈ మనిషితో పదిహేడేళ్ళుగా కాపురం చేస్తున్నాను. తప్పు నాది అని ఆయన నోటి వెంట రావడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది.

మరిది ముఖం మాత్రం గట్టిపడింది. "అంటించింది నేను. నేనూ చూసుకోవాల్సింది. దానికి నాకు బాధ లేదు. కానీ అన్నయ్యా, ఆ షీటు ఎందుకు దాచేశావు? నేను కొట్టంతా వెతికాను. దొరికితే ఒక్కసారి నీ బల్ల మీద పెట్టి ఊరుకునేవాణ్ణి. నువ్వే దాన్ని మాయం చేశావని అర్థమయ్యాకే నాకు మనసు విరిగిపోయింది."

"ఏ షీటు?" అన్నారు మా ఆయన.

"ఏ షీటా?"

"నాకు ఏ షీటూ తెలీదురా. ఒట్టు."

మరిది నమ్మలేదు. అది ముఖంలోనే కనపడుతోంది. నవ్వి ఇంకా నిమిషం కాలేదు, మళ్ళీ బల్ల వైపు తిరగబోతున్నాడు. ప్లైవుడ్ పలకలు అక్కడే ఉన్నాయి. నేను నోరు మూసుకుంటే రేపు పదింటికల్లా గోడ లేచిపోతుంది. నా పేరు ఎక్కడా బయటికి రాదు.

లేచాను. మిషను పక్కకి జరిపాను. దుమ్ము పట్టిన షీటు చుట్ట తీసి ఇద్దరి మధ్యా నేల మీద విప్పాను. రెండు కన్నాలు, రెండూ ఒకే వైపు.

"దాచింది నేను" అన్నాను. "ఆయన పరువు పోతుందని దాచాను. నువ్వు వెతుకుతుంటే చూస్తూ కూడా చెప్పలేదు. తప్పు నాదే."

టీవీలో ఏదో సబ్బు ప్రకటన వస్తోంది. మేస్త్రి లేచి వెళ్ళి దాని సౌండు తగ్గించాడు. మా ఆయన నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశారు. మరిది ఆ కన్నాల మీదకి వంగాడు. ఒక కన్నం అంచు మీద వేలితో గీశాడు.  అరిస్తే పడదామనుకున్నాను. గోడ పెట్టించుకుంటానంటే కాదనే హక్కు నాకు లేదనుకున్నాను.

మరిది తలెత్తాడు. నా వైపు కాదు, వాళ్ళన్నయ్య వైపు తిరిగాడు.

"అన్నయ్యా, వదినకి చెప్పు. ఇవాళ్టి నుంచి నేను వదినతో మాట్లాడను."

మా ఆయన ఒక్క క్షణం తెల్లమొహం వేశారు. తరవాత మీసం కింద నవ్వు ఆపుకుంటూ నా వైపు తిరిగారు. "వాడు నీతో మాట్లాడడటే."

"ఎన్నాళ్ళో కనుక్కోండి" అన్నాను. 

"ఎన్నాళ్ళురా?"

"ఎనిమిది నెలలు అని చెప్పు."

"ఎనిమిది నెలలట."

"సరేనన్నానని చెప్పండి" అన్నాను కళ్ళు తుడుచుకుంటూ. "మాట్లాడకుండా ఉండేదేదో ఆ బల్ల ఇటు తిప్పుకుని కూర్చుని ఉండమని చెప్పండి."

మా ఆయన చెప్పడానికి నోరు తెరిచారు. ఆయన చెప్పేలోపే మరిది వంగి బల్ల ఒక చివర పట్టుకున్నాడు. మా ఆయన రెండో చివర పట్టుకున్నారు.