ఫ్రిజ్ మెకానిక్ కూతురు

మా బావ ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్. ఊళ్ళో సగం ఇళ్ళలో పాలు విరగకుండా ఉన్నాయంటే తన చలవేనని గొప్పలు పోతుంటాడు. అలాంటి మనిషి, పదేళ్ళ కూతురికి షుగర్ జబ్బని తేలిన రోజున రిపోర్టును తిప్పి తిప్పి చూస్తూ ఉండిపోయాడు.

పిల్లను ఇంట్లో అందరం పిడుగు అంటాం. ఆ పిడుగు కాస్తా చూస్తుండగానే పుల్లలా చిక్కిపోయింది. ఎన్ని నీళ్ళు తాగినా ఇంకా దాహమే అనేది. పరీక్షలు చేసి డాక్టరమ్మ మా అక్కకు, బావకు ఓపిగ్గా వివరించింది. ఇది మిఠాయిలు తింటే వచ్చింది కాదు, ఎవరి తప్పూ లేదు. ఒంట్లో ఇన్సులిన్ తయారవడం ఆగిపోయింది కాబట్టి ఇక బతికున్నన్నాళ్ళూ సూదితో ఇవ్వాల్సిందే. వేడికి మందు పాడవుతుంది, ఫ్రిజ్‌లో పెట్టుకోండి అని కూడా చెప్పింది.

ఆ చివరి మాటతో బావకు ప్రాణం లేచొచ్చింది. మిగతాదేదీ తన చేతిలో లేదు గానీ, చల్లగా ఉంచడం తనకొచ్చిన విద్య. సూది వేసే పని కూడా తనే పెట్టుకున్నాడు. పిడుగు మొదట్లో ఇల్లు పీకి పందిరేసింది. పోను పోను తనే చొక్కా పైకెత్తి, "కానీ నాన్నా, బడికి లేటవుతోంది" అని తొందర పెట్టేది. కాస్త ఒళ్ళు కూడా చేసింది.

ఎండలు ముదిరాక మళ్ళీ మొదటికొచ్చింది. వేలికి గుచ్చి చూసే మిషన్‌లో అంకెలు రోజురోజుకీ పెరగసాగాయి. పిల్ల దొంగచాటుగా తింటోందని బావ తేల్చేశాడు. అక్క వంటింటి అల్మారాకు తాళం వేసింది. బడి సంచీ రోజూ దులిపి చూడటం మొదలుపెట్టారు. వాళ్ళింట్లోనే ఉంటూ పక్క గదిలో బట్టలు కుట్టుకుంటున్న నాకు ఒళ్ళు మండిపోయింది.

"పసిపిల్లని దొంగని చేస్తున్నారేంటి బావా? అది అబద్ధాలాడే పిల్ల కాదు."

"అయితే మిషన్ అబద్ధమాడుతోందా?" అన్నాడు.

నేను విసురుగా మళ్ళీ కుట్టుపనిలో పడ్డాను.

తినలేదని పిడుగు మొదట ఏడ్చింది, తర్వాత ఒట్లు పెట్టుకుంది, ఆ తర్వాత మాట్లాడటమే మానేసింది. ఒక సాయంత్రం బావ పని నుంచి రాగానే ఎదురెళ్ళి చెప్పింది.

"నేనే తిన్నా నాన్నా. బడిలో, చాక్లెట్లు. ఇంకెప్పుడూ తినను."

బావ తిట్టలేదు. కుర్చీలో కూలబడి "అమ్మయ్య" అన్నాడు. అక్క కళ్ళు తుడుచుకుని నవ్వింది కూడా. తప్పు దొరికింది, ఇక దిద్దుకోవచ్చని వాళ్ళ ధైర్యం. నాకు మాత్రం మింగుడు పడలేదు. ఏం చాక్లెట్లే అని అడిగితే పిల్ల పేరు చెప్పడానికి తడుముకుంది. ఆ సంగతి బావతో అంటే, "ఒప్పుకుందిగా, ఇంకా దాన్ని గుచ్చిగుచ్చి అడక్కు" అని నన్నే కసిరాడు.

కొద్ది రోజులకే వాంతులు పట్టుకున్నాయి. ఊపిరి ఎగబీల్చి తీస్తోంది. నోటి దగ్గర మాగిన పండు వాసన వచ్చింది. పిలిస్తే సరిగ్గా పలకలేదు. రిపేరు సామాన్లన్నీ రోడ్డు మీద పడేసి, బావ తన వ్యానులో ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. ఆ దారంతా పిల్లను ఒళ్ళో పెట్టుకుని నేను పిలుస్తూనే ఉన్నాను.

మర్నాటికి గండం గడిచింది. డాక్టరమ్మ మమ్మల్ని వరండాలోకి పిలిచింది.

"సూదులు మానేశారా?"

"ఒక్క పూట కూడా మానలేదండీ. పిల్లే బడిలో చాక్లెట్లు తిన్నానని ఒప్పుకుంది" అన్నాడు బావ.

"చాక్లెట్లకే ఇంత దూరం రాదు. ఒంటికి ఇన్సులిన్ అందలేదు. మందు ఎక్కడ పెడుతున్నారు?"

బావ ముఖం వెలిగింది. "దానికేం దిగుల్లేదండీ. ఎండలు మొదలైన దగ్గర్నుంచీ పైన ఐసు అరలో పెడుతున్నా. రాయిలా గడ్డకడుతుంది. వేసే ముందు అరచేతుల్లో రుద్దితే ఇట్టే కరిగిపోతుంది."

డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. "ఒకసారి గడ్డకడితే ఆ మందు పాడైనట్టేనండీ. కరిగినా దాన్ని వాడకూడదు. మీరు వేసినది పనిచేయలేదు."

బావ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అక్క ఆయన్ని ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేదనిపించింది నాకు.

లోపలికెళ్ళి ఆయన పిల్ల మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"నువ్వేం తినలేదు కదమ్మా?"

పిడుగు తల అడ్డంగా ఊపింది.

"మరి తిన్నానని ఎందుకు చెప్పావే తల్లీ?"

అది గుమ్మం వైపు చూసింది. అమ్మ అక్కడ లేదని రూఢి చేసుకుని గొంతు తగ్గించింది.

"తిన్నానంటే తిడతారు, అంతేగా. తినకుండానే పెరుగుతోందంటే మందు నాకు పనిచేయట్లేదని, చచ్చిపోతానని మీకు తెలిసిపోతుంది నాన్నా."